గవర్రాజుగారి షుగరు ఎటు పోయింది?

రామచంద్రపురంలో కాలవ పక్క వీధికి వెళ్ళి, తెలివైనవాళ్ళ ఇల్లు ఏదండీ అని అడిగి చూడండి. ఎవరూ చెప్పరు. ఒక్క వరహాలమ్మ మాత్రం, "ఇదేనండీ, చెప్పులు విప్పి లోపలికి రండి" అంటుంది. తమ తెలివి మీద ఆ ఇంట్లోవాళ్ళకి అంత నమ్మకం. ఊరెళ్ళేటప్పుడు ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కనే మేకుకి తగిలించి వెళ్తారు. ఎందుకమ్మా అలాగ అంటే, "దొంగ వచ్చాడనుకోండి, చెవి దొరక్కపోతే తాళం బద్దలు కొట్టేస్తాడు కదా. మంచి తాళం, మా మావగారు కొన్నది" అంటుంది. బస్సెక్కాల్సి వస్తే, బస్సు వెళ్ళిపోయాక స్టాండుకి వెళ్తారు. అప్పుడైతే తొక్కిసలాట ఉండదట.

ఇంట్లో ఉండేది ముగ్గురు. వరహాలమ్మ, ఆమె భర్త గవర్రాజు, మరిది నూకరాజు. గవర్రాజు బియ్యం మిల్లులో కాటా దగ్గర గుమాస్తా. నూకరాజు అదే మిల్లులో బస్తాలు మోస్తాడు. పెళ్ళెందుకు చేసుకోలేదురా అని ఎవరైనా అడిగితే, "అన్నయ్య చేసుకున్నాడు కదండీ, ఒక్క ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళు?" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా వరహాలమ్మ మురిసిపోతుంది, మా మరిది ఎంత ముందుచూపు గలవాడో అని.

అలాంటి ఇంటికి షుగరొచ్చింది. పూర్తిగా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. గవర్రాజుకి ఊరికే దాహం వేస్తోందని, కాళ్ళు లాగుతున్నాయని డాక్టరు ఇందుమతిగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ రక్తం పరీక్ష చేయించి, కళ్ళజోడు సర్దుకుంది.

"చూడండమ్మా, మీవారి షుగరు సరిగ్గా గీత మీద ఉంది. ఇప్పుడే జాగ్రత్తపడితే ఇటు వచ్చేస్తారు. అశ్రద్ధ చేశారో, అటు పోతారు. అటు పోతే ఇక జన్మంతా మాత్రలే. మూడు నెలలు చూద్దాం. అంతా మీ చేతుల్లోనే ఉంది."

వరహాలమ్మ తన చేతులు రెండూ చూసుకుంది. గాజులు తప్ప ఏమీ లేవు. ఆమె తండ్రిది కూడా ఇదే జబ్బు. చివరికి చూపు పోయి, కూతురు గదిలోకి వస్తే గాజుల చప్పుడు పోల్చుకుని "వరాలూ, నువ్వేనా అమ్మా" అని గాలిలో తడుముకునేవాడు. గవర్రాజు అలా తడుముకోవడం ఆమె తలుచుకోలేకపోయింది. మొగుడంటే ఆమెకి ప్రాణం. ఆ ముక్క ఆయనకి ఎన్నడూ చెప్పలేదు, ఆయన ఎన్నడూ అడగలేదు కనుక.

"ఏం వండమంటారు డాక్టరుగారూ? ఏం చెబితే అది చేస్తాను. పొల్లు పోనివ్వను" అంది కళ్ళొత్తుకుంటూ.

"అసలు చిక్కంతా రాత్రి భోజనంతోనే. గవర్రాజుగారూ, ఇవాళ్టినుంచి రాత్రిపూట అన్నం వైపు చూడకండి. సరేనా?"

"ఒట్టండీ" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, ఇంటికి రాగానే పని మొదలైంది. నూకరాజు సుద్దముక్కతో నట్టింట్లో ఈ గోడనుంచి ఆ గోడదాకా గీత గీశాడు. గవర్రాజుని దాని మీద నిలబెట్టారు. ఇప్పుడు ఇటంటే ఎటు? ముగ్గురూ కాసేపు తల గోక్కున్నారు.

"వదినా, డాక్టరుగారు ఇటు అన్నప్పుడు చెయ్యి కిటికీ వైపు చూపించారు. నేను చూశాను" అన్నాడు నూకరాజు.

"మరి మనింట్లో కిటికీ వంటింట్లో ఉంది కదా మరిదీ!"

"అయితే వంటిల్లే ఇటు."

అంతే. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని గవర్రాజుని వంటింట్లోకి లాగేశారు. బయటికి వస్తే గీత దాటినట్టవుతుందని మిల్లుకి కూడా పెరటి గుమ్మంలోంచే పంపారు. కూర్చోవడం, పడుకోవడం అన్నీ వంటింట్లోనే. తలదిండు పక్కన బెల్లం డబ్బా. కాళ్ళ దగ్గర సున్నుండల జాడీ. కాలక్షేపానికి ఆయన ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటుంటే, "పోన్లెండి, గీత ఇవతలే ఉన్నారుగా" అని వరహాలమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

రాత్రి భోజనం ఇంకా జాగ్రత్తగా జరిగింది. అన్నం వడ్డించే ముందు గవర్రాజు కళ్ళకి తువ్వాలు గట్టిగా కట్టారు. వరహాలమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. పప్పూ అన్నం, పులుసూ అన్నం, పెరుగూ అన్నం. కనపడదు కనుక ఎంత తిన్నదీ ఆయనకి తెలీదు. చూడకూడదు కనుక ఆయన అడగనూ లేదు. రోజూ రెండుసార్లు మారు వడ్డించుకునే మనిషి నాలుగుసార్లు తిని, "అబ్బ, పథ్యమంటే ఏమో అనుకున్నాను, హాయిగా ఉందే" అన్నాడు.

మళ్ళీ పరీక్షకి వెళ్తే షుగరు తగ్గకపోగా ఇంకాస్త పైకి పాకింది.

"రాత్రిళ్ళు అన్నం తింటున్నారా?" అంది డాక్టరు అనుమానంగా.

"తింటున్నానండి. కానీ మీరు చెప్పినట్టే, ఒక్క మెతుకు వైపు కూడా చూడలేదు" అన్నాడు గవర్రాజు గర్వంగా. నూకరాజు సాక్ష్యానికి తువ్వాలు కూడా తెచ్చాడు.

సంగతి విన్న డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. ముగ్గురూ కూడా ఫ్యాను వైపు చూశారు. తరవాత ఆవిడ, వీళ్ళకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాలనుకుని, ఒక్కొక్క మాటే ఆపి ఆపి చెప్పింది.

"అమ్మా, బియ్యం సంగతి మర్చిపోండి. మీ ఇంట్లో బియ్యం వాడే ప్రతిచోటా కాలీఫ్లవరే అనుకోండి. తురిమి, రెండు చుక్కలు నూనె వేసి మగ్గిస్తే అచ్చం అన్నంలా ఉంటుంది. పళ్ళెంలో సగం కూరలే ఉండాలి. చేపలు పెట్టండి, గుడ్లు పెట్టండి, పప్పు పెట్టండి. ఇంట్లో ఉన్న తీపంతా, బియ్యంతో సహా, ఖాళీ చేసెయ్యండి. ఆయనకి కడుపు నిండిందో లేదో చూసుకోండి. నిండకపోతే దొంగచాటుగా తినేస్తారు. తిన్నాక అరగంట ఆగకుండా నడవాలి. అర్థమైందా?"

"ఇంత విడమరిచి చెప్పాక అర్థం కాకపోవడానికి మేమేమైనా తెలివితక్కువ వాళ్ళమా అండీ?" అంది వరహాలమ్మ.

ముందు పళ్ళెం సంగతి చూశారు. సగం కూరలు ఉండాలంది. మరి మిగతా సగంలో ఏముండాలి? చెప్పలేదు. అంటే ఏమీ ఉండకూడదు. ఏమీ ఉండని సగం ఎందుకు, దండగ? నూకరాజు గవర్రాజు స్టీలు కంచాన్ని వెల్డింగు షాపుకి పట్టుకెళ్ళి, సరిగ్గా మధ్యకి కోయించుకొచ్చాడు. ఆ రాత్రి వరహాలమ్మ అందులో బీరకాయ కోడిగుడ్డు కూర పెట్టింది, బాగానే ఉంది. చేపల పులుసు పోసింది. పులుసుకి ఏం తెలుసు, కోసినవైపు నుంచి తిన్నగా గవర్రాజు లుంగీ మీదకి దిగింది. వేడివేడి పులుసు. ఆయన కేక పెట్టి లేచాడు.

"కదలకు అన్నయ్యా" అంటూ నూకరాజు కోసిన అంచుకి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. కాలవకి గట్టు వేసినట్టు పులుసు ఆగింది. ఆనాటినుంచి గవర్రాజు భోంచేస్తున్నంతసేపూ నూకరాజు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవడమే. ఆయన తినడం అయ్యాక నూకరాజు తన చెయ్యి నాక్కోవడం.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. వరహాలమ్మకి తెలివి ఎలా ఉన్నా, చేతిలో రుచి ఉంది. కాలీఫ్లవరు తురిమి, తాలింపులో వేరుశెనగపప్పు, కరివేపాకు వేసి మగ్గిస్తే, ఆ వాసనకి గవర్రాజు మిల్లు దగ్గర్నుంచే నడక జోరు పెంచేవాడు. గోంగూర రొయ్యలు ఒకరోజు, మెంతికూర పప్పు ఒకరోజు, నిమ్మకాయ పిండిన చేప వేపుడు ఒకరోజు. అన్నం లేదన్న బెంగే లేకుండా తినేవాడు. ఆయన తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని ముఖమే చూస్తూ ఉండేది.

తినడం అయ్యాక కడుపు నిండిందో లేదో చూడాలి కదా. గవర్రాజు నిండిందనే అన్నాడు. కానీ డాక్టరుగారు చూసుకోమంది, అడగమనలేదు.

"గ్యాసు బండ నిండుగా ఉందో లేదో ఎలా చూస్తాం వదినా? ఎత్తి చూస్తాం" అన్నాడు నూకరాజు. అంతే, అన్నగారిని నడుం దగ్గర పట్టుకుని పైకెత్తి రెండుసార్లు ఊపాడు. వరహాలమ్మ పొట్టకి చెవి ఆనించి వింది. లోపల గుడగుడ వినిపించింది.

"ఇంకా ఖాళీ ఉంది. ఇంకో చేప ముక్క వెయ్యాలి" అంది. ఊపినందుకు గవర్రాజుకి కళ్ళు తిరిగి, ఆ చేప ముక్క వద్దన్నాడు. అలా రోజూ ఊపేసరికి ఆయన ఎక్కువ తినడమే మానేశాడు.

తరవాత నడక. అరగంట ఆగకుండా నడవాలి. ఇల్లు చిన్నది, నాలుగడుగులు వేస్తే గోడ. గోడ దగ్గర ఆగితే డాక్టరుగారి మాట తప్పినట్టే. అందుకని, ఎలాగూ పనిచెయ్యని ఆ సుద్దగీత చెరిపేసి, వీధి గుమ్మం, పెరటి గుమ్మం రెండూ బార్లా తెరిచారు. గవర్రాజు ముందు గుమ్మంలోంచి వచ్చి, వెనక గుమ్మంలోంచి పోయి, సందు చుట్టి మళ్ళీ ముందు గుమ్మంలోకి వచ్చేవాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగడానికి లేదు. ఒకసారి మిల్లు యజమాని స్వయంగా ఎదురొచ్చి ఏదో అడగబోతే, "నడుస్తున్నానండి" అని ఆయన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. యజమాని ఆ మాట రేపు చెబుదువుగానిలే అనబోయేసరికే గవర్రాజు సందు మలుపు తిరిగిపోయాడు.

ఇంతలో పక్కింటి కనకమ్మగారి అబ్బాయి పెళ్ళి వచ్చింది. పందిట్లో అందరికీ అక్షింతలు పంచుతున్నారు. వరహాలమ్మ చేతిలో పెట్టబోతే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యో, మేం బియ్యం ముట్టుకోమండీ. ఇంటినుంచి తెచ్చుకున్నాం" అని సంచి విప్పింది. లోపల పసుపు, నెయ్యి రాసిన కాలీఫ్లవరు. తన వాటా ఆమె చిన్న చిన్న ముక్కలుగా తుంపుకుంది. నూకరాజుకి తుంపాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. గట్టిమేళం అనగానే అందరూ అక్షింతలు చల్లారు. నూకరాజు బస్తాలెత్తే చేత్తో పువ్వు పువ్వంతా విసిరాడు. పెళ్ళికొడుకు అదృష్టవంతుడు, అప్పుడే తాళి కట్టడానికి వంగాడు. అది వెళ్ళి పురోహితుడి నుదుటికి తగిలింది. మంత్రం ఆగిపోయింది. మేళం ఆగిపోయింది.

"దీర్ఘాయుష్మాన్ భవ" అన్నాడు నూకరాజు, ఆయన అనాల్సింది మరిచిపోయాడేమోనని.

కనకమ్మగారు వారం రోజులు వీళ్ళతో మాట్లాడలేదు. కానీ కొత్త కోడలు సారె తెచ్చాక వీధిలో పంచకపోతే బాగుండదు కదా. లడ్లు, కాజాలు, అరిసెలు, మైసూరుపాకు, ఒక పళ్ళెం నిండా పంపించింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఇంట్లో తీపంతా ఖాళీ చెయ్యమంది డాక్టరు. వరహాలమ్మ అప్పటికే ఆ పనిలో ఉంది. పారేద్దామా అంటే, తిండి పారెయ్యడం పాపం. ఎవరికైనా పెడదామా అంటే, "వాళ్ళకి మాత్రం షుగరు రాదూ? మన ఇంటి జబ్బు వీధికి అంటించడమెందుకు?" అంది. నూకరాజుకి తీపి తింటే పన్ను జివ్వుమంటుంది. ఇక మిగిలింది ఎవరు?

ఆమే తినడం మొదలుపెట్టింది. బెల్లం అచ్చులు అయ్యాయి. సున్నుండలు అయ్యాయి. పంచదార డబ్బా చెంచా పెట్టుకుని ఖాళీ చేసింది. బియ్యం బస్తా వండుకుని రెండుపూటలా తింది. అది అయ్యేలోగా మిల్లులో నెలనెలా ఇచ్చే బస్తా ఇంకోటి వచ్చి పడింది. ఇప్పుడు ఈ సారె పళ్ళెం. వద్దనిపించినా, వెగటు పుట్టినా మానలేదు. అటు గవర్రాజు వేడివేడి చేప వేపుడు తింటుంటే, ఇటు ఆమె గోడ వైపు తిరిగి లడ్డు మీద లడ్డు మింగేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆయన కళ్ళు బాగుండాలి, ఆయన నన్ను చూస్తూ ఉండాలి, అంతే చాలు అనుకునేది.

మూడు నెలలు గడిచాయి. ముగ్గురూ మంచి బట్టలు కట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రిపోర్టు చూసి ఇందుమతిగారు లేచి నిలబడింది.

"గవర్రాజుగారూ! పూర్తిగా మామూలుకొచ్చేసింది. మాత్రలతో పనే లేదు. వరహాలమ్మగారూ, నిజంగా మీరు గట్టివారు. ఇంత బాగా చూసుకున్న భార్యని నేను చూడలేదు."

వరహాలమ్మకి ఏడుపాగలేదు. కొంగుతో తుడుచుకుని, బల్లమీద ఉన్న నీళ్ళ సీసా ఎత్తి గడగడా తాగేసింది. పక్కనున్న నర్సుగారి సీసా కూడా ఎత్తి తాగేసింది. డాక్టరు ముఖంలో నవ్వు తగ్గింది.

"ఎన్నాళ్ళనుంచి ఇంత దాహం?"

"ఈమధ్యేనండి. కాళ్ళు కూడా లాగుతున్నాయి" అంది వరహాలమ్మ.

అప్పటికప్పుడు వేలు గుచ్చి చూశారు. గవర్రాజుది గీత మీద ఉండేది. ఈమెది గీత దాటి చాలా దూరం పోయింది. డాక్టరు ఆ సంగతి మెల్లగా చెప్పింది, భయపడుతుందేమోనని చెయ్యి కూడా పట్టుకుంది.

వరహాలమ్మ భయపడలేదు. ముఖమంతా వెలిగిపోయింది.

"అయితే ఆయనది నాకొచ్చేసిందన్నమాట! అందుకా ఆయనకి తగ్గిందీ! ఎటు పోయిందా అని చూస్తున్నాను. నా దగ్గరే ఉంది. ఇక ఆయన జోలికి పోదు కదండీ?"

"అదేం కాదమ్మా, షుగరు ఒకరినుంచి ఒకరికి వెళ్ళదు" అని డాక్టరు మొదలుపెట్టింది. మీరు తిన్న బెల్లం, మీరు తిన్న బియ్యం అంటూ చాలాసేపు చెప్పింది. ఇక ఇద్దరూ ఒకటే వంట తినాలంది. మాత్రలు రాసింది. వరహాలమ్మ అన్నిటికీ తలూపింది. లోపల మాత్రం, పెద్దావిడ, నన్ను ఓదార్చడానికి అలా అంటోంది అనుకుంది. తీరా వెనక్కి తిరిగి చూస్తే గవర్రాజు కుర్చీ ఖాళీగా ఉంది.

"మరిదీ, మీ అన్నయ్యేరీ?"

"నువ్వు తీపి తినబట్టి నీకొచ్చిందని డాక్టరుగారు చెప్పినప్పుడు లేచి వెళ్ళిపోయాడు వదినా. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు."

ఇద్దరూ బయటికి పరిగెత్తారు. రోడ్డుకి అవతల మిఠాయి కొట్టుంది. బల్ల ముందు గవర్రాజు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా విస్తట్లో కాజాలు, జిలేబీలు, పూతరేకులు. రెండు చేతులతోనూ తింటున్నాడు. గడ్డం మీదుగా పాకం కారుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏవండీ! ఏంటండీ ఇదీ! ఎంత కష్టపడి తగ్గించానండీ!" అని గుండె బాదుకుంది వరహాలమ్మ.

"నువ్వు కంగారుపడకు వరాలూ" అన్నాడు గవర్రాజు నోటినిండా కాజాతో. "తీపి తింటే నీకొచ్చింది కదా. నేను తింటే నా దగ్గరికి వచ్చేస్తుంది. నాది నేను తీసుకుంటున్నాను. నీకెందుకు ఆ బాధ? నువ్వు చల్లగా ఉండాలి. సగం పైగా వచ్చేసే ఉంటుంది. ఇంకో అరకిలో తింటే నీ ఒంట్లో ఒక్క చుక్క మిగలదు."

వరహాలమ్మ ఆయన పక్కనే చతికిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంత ప్రేమగా మాట్లాడగా ఆమె వినలేదు. ఆ సంతోషంలో ఏం చెయ్యాలో తోచలేదు. తోచకపోయినా, ఆయన్ని ఒంటరిగా బలిచేసి తను చల్లగా ఉండే ఆడది కాదామె.

"మీరు తీసుకుంటే నేను ఊరుకుంటానా?" అని విస్తరి తన వైపు లాక్కుని ఒక పూతరేకు మడిచి నోట్లో పెట్టుకుంది. "వెనక్కి తెచ్చేసుకుంటున్నాను!"

"వద్దు వరాలూ, నా మాట విను." గవర్రాజు రెండు కాజాలు ఒకేసారి తోసుకున్నాడు.

"నేను చచ్చినా ఇవ్వను." ఆమె జిలేబీ చుట్ట చుట్టంతా మింగింది.

ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఉన్న ప్రేమకొద్దీ ఇద్దరూ పోటీలుపడి తింటున్నారు. కొట్టువాడు తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నూకరాజు అన్ననీ వదిననీ మార్చి మార్చి చూశాడు. అన్నయ్య తింటే వదిన దగ్గర్నుంచి పోతుంది, వదిన తింటే అన్నయ్య దగ్గర్నుంచి పోతుంది. కాసేపు చూశాక అతని ముఖం విప్పారింది.

"పోట్లాడుకోకండి! ఇద్దరూ సరిగ్గా సమానంగా తినండి. అప్పుడది అటూ పోలేదు, ఇటూ రాలేదు. మధ్యలో ఈ విస్తట్లోనే ఉండిపోతుంది. లేచి వెళ్ళేటప్పుడు తీసి పారేద్దాం."

ఇంకేముంది. మా నూకరాజుకి ఇంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందా అని వదినా అన్నయ్యా పొంగిపోయి, తేడా రాకుండా కాటా వేయించి మరీ, చెరో కిలో కాజాలు తెప్పించుకున్నారు.